ఇరవై లెక్కపెట్టేదాకా

నాకు ఓపిక లేదు. పుట్టుకతోనే లేదని అమ్మ అంటుంది. సిటీ బస్సులో కండక్టరయ్యాక బొత్తిగా పోయిందని నేనంటాను. పదిహేనేళ్లుగా సగం మాట విని టికెట్ కొడుతున్నాను. ఎక్కినాయన "సైదా..." అంటుండగానే సైదాబాద్ టికెట్ చేతిలో పెడతాను. చంకలో ఖాళీ గోనెసంచులుంటే ఆ మాత్రం కూడా అక్కర్లేదు, సరుకులకు బేగంబజారే. పూర్తిగా చెప్పేదాకా ఆగితే నా డ్యూటీ అయ్యేదెప్పుడు? తప్పడం చాలా తక్కువ. అందుకే కొంచెం పొగరు కూడా.

నిరుడు చలికాలంలో బాపుకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. కాలు మెల్లగా కదిలింది గానీ మాట రాలేదు. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా ఇంట్లో బర్రెలు పెట్టి, నలభై ఏళ్లు గల్లీగల్లీ తిరిగి పాలు పోసిన మనిషి. ఆయన కేకకు మూడు గల్లీలు నిద్రలేచేవి. అలాంటి నోట మాట ముందుముక్క వచ్చి ఆగిపోయేది. మన మాటలు చిన్నవా? 'రాలేకపోతున్నాను' అనే ఒక్కదాంట్లో రావడం ఉంది, చేతగాకపోవడం ఉంది, ఇప్పుడు అన్నది ఉంది, నేను అన్నది కూడా ఉంది. అవన్నీ వరసగా అతుక్కుని రావాలి. బాపుకు మొదటిది దొరికేది, మిగతావి ఎక్కడో జారిపోయేవి.

నేనున్నాను కదా! ఆ మిగతావన్నీ నేనే తగిలించేదాన్ని. "రా..." అంటే "రాలేకపోతున్నవా? ఆగు, లేపుత." "తి..." అంటే "తినవా? ఆకలైత లేదా?" ఆయన తలాడించేవాడు. నేనేమన్నా తలాడించేవాడు. బాపును అర్థం చేసుకునేది నేనొక్కదాన్నేనని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

స్పీచ్ థెరపీ అమ్మాయి రెండో వారమే నా మీద ఇంతెత్తున లేచింది. "నేను అంకుల్‌ను అడుగుతుంటే మీరెందుకు చెప్తున్నరు మేడమ్? ఎవరి బుర్రయినా సగం మాటకే మిగతాది ఊహించుకుంటది, మీది మరీ ఉరుకుతది. ఆయన ఒక్కో ముక్క వెతుక్కోవాలె. మీరు అందిస్తుంటే వెతుకుడు బంద్ చేస్తరు. ఇప్పుడు బంద్ చేస్తే మళ్ల మాటలు వచ్చుడు కష్టం. మనసుల ఇరవై దాక లెక్కపెట్టుండ్రి. అప్పటిదాక నోరు తెరవకుండ్రి."

ఇరవై! ఆలోపు నేను ఐదు టికెట్లు కొడతాను. మూడు అంకెలకే నాలుక దురద పెట్టేది. "ఉరికి పాలు తాగుడు కన్నా నిలవడి నీళ్లు తాగుడు నయం" అని అమ్మ దెప్పేది. వింటేగా.

ఒక ఆదివారం బర్రెను చూసుకోమని చెప్పి అమ్మ పెళ్లికి పోయింది. ఎండ దంచుతోంది. బాపు "తాగ... తాగ..." అన్నాడు. నీళ్లిచ్చాను. తాగి మళ్లీ "తాగ..." అన్నాడు. చాయ్ పెట్టిచ్చాను. అదీ తాగి మళ్లీ అదే మాట, చెయ్యి కిటికీ వైపు. వేడిగాలికి మూయమంటున్నాడనుకుని కిటికీ మూసేశాను. "ఏంది బాపు, ఎన్నిసార్లు తాగుతవ్? గిట్ల సతాయించకు, నాకు మస్తు పనుంది" అని విసుక్కున్నాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

సాయంత్రం అమ్మ పెరట్లోకి పోయి ఒకటే లొల్లి. మాకు మిగిలిన ఒక్క బర్రె, పొద్దున్నుంచి నీళ్లు లేక నాలుక బయటపెట్టి రొప్పుతోంది. తొట్టి ఎండిపోయి ఉంది. అది తాగలేదనే బాపు నాకు చెప్తున్నది, కిటికీలోంచి చూసి. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం నుంచి బాపు మాట్లాడడం మానేశాడు. ముందుముక్క కూడా లేదు. ఏమడిగినా తలాడించడమే. రెండు రోజులు అట్లాగే గడిచాయి. థెరపీ అమ్మాయి అన్న 'బంద్' ఇదేనేమోనని నాకు ఒళ్లంతా భయం. బస్సులో చిల్లర తప్పిచ్చాను, డ్రైవర్ మీద అరిచాను, ఇంటికొస్తే కాలు ఒకచోట నిలవలేదు.

మూడో రోజు తెల్లవారి బర్రె చేపలేదు. అమ్మ ఎంత తడిమినా పొదుగులోకి పాలు దిగలేదు. బాపు కర్ర పట్టుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో దాని మెడ నిమిరాడు.

"పాలియ్యవే నా తల్లీ, ఇయ్యవే, ఇయ్యవే..."

గడగడా వచ్చింది. ఎక్కడా తెగలేదు! వేలసార్లు అన్న మాట ఒకే ముద్దగా వస్తుందని, కొత్తది మాత్రం ముక్కలు అతుక్కోవాల్సిందేనని థెరపీ అమ్మాయి తర్వాత చెప్పింది. అప్పుడు నాకు తట్టింది ఒక్కటే, బర్రె మధ్యలో మాట అందించదు.

చెంబులో పాలధార మొదలైంది. బాపు నా వైపు తిరిగాడు.

"మా..." అన్నాడు.

మాత్రలా అని అడగబోయి నాలుక కొరుక్కున్నాను. ఒకటి, రెండు, మూడు.

"మాట్లా..."

స్టేషన్లో రైలు కూత వేసి పోయింది. ఇరవై దాటింది. డిపోకు బయల్దేరాల్సిన టైము. ముప్పై.

"మాట్లాడ... ని..."

నలభై. అమ్మ పితకడం ఆపి చూస్తోంది.

"...య్యవే."

మాట్లాడనియ్యవే.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. "సరే బాపు, ఇగ నేను..." అంటుండగానే ఆయన ఎడమచేతి వేలెత్తి ఆపాడు. ఇంకా ఏదో ఉంది.

"నీ..." అన్నాడు.

నోరు మూసుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.