అక్క చేతి ఎక్స్‌రే

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పసుపు బస్తాల మధ్య బతికేవాణ్ని, బరువంటే నాకు తెలుసు. ఇది మాత్రం దించుకునే చోటు దొరకని బరువు. మీకు చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. నాకూ కొంచెం వస్తుంది, అదే నా సిగ్గు.

ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు తూకం పని నాది. మా అక్క మోర్తాడ్‌లో బీడీలు చుడుతుంది. బావ దుబాయ్‌లో ఉంటాడు. అక్క జారిపడి కుడి మణికట్టు విరిగితే ఒక ప్రైవేటు దవాఖానలో కట్టు కట్టి, ఎక్స్‌రే తీసి ఇచ్చారు. విప్పి చూస్తే వంకరగా అతుక్కుంది. నిజామాబాద్‌లో మరో డాక్టరు ఇంకో ఎక్స్‌రే తీయించి, మొదట్లోనే ఎముక సరిగా కూర్చలేదన్నాడు. అప్పటినుంచి అక్క ఇదివరకటిలో సగం బీడీలు కూడా చుట్టలేదు. ఎక్స్‌రేలు రెండూ నా చేతిలో పెట్టి, మంచి లాయరును చూడమంది.

వెతికాను. అందులో అబద్ధం లేదు. వారం రోజులు కోర్టు చుట్టూ తిరిగాను. ఒకాయన భూముల కేసులే చూస్తాడట. ఇంకొకాయన, కట్టు కట్టిన ఆ డాక్టరే తన బీపీ చూస్తాడని చెప్పి, చాయ్ తాగించి పంపాడు. చివరికి దవాఖానల మీద కేసులు వేసే లాయరు దొరికి, మర్నాడు రమ్మన్నాడు.

ఆ సాయంత్రమే సూర్యగ్రహణం. యార్డులో హమాలీలంతా ఆకాశం వైపే చూస్తున్నారు. నా దగ్గర ఎక్స్‌రే ఉందని గొప్పగా చెప్పాను. పాతది ఇక ఎందుకు? వంకర కనబడేది కొత్తదాంట్లోనే కదా? పాతదాన్ని ఎనిమిది ముక్కలు చేసి పంచాను. అక్క ఎముకల గుండా ఎనిమిది మందిమి సూర్యుణ్ని చూశాం. ఆ రోజు యార్డులో నా అంత పెద్దమనిషి లేడు.

మర్నాడు లాయరు అడిగింది పాతదాన్నే. కట్టు కట్టిన రోజే ఎముక పక్కకు జరిగి ఉందని చూపేది అదేనట. తెస్తానని లేచి వచ్చాను. మళ్లీ వెళ్లలేదు. కేసు నిలవదని లాయరు తేల్చేశాడని అక్కకు చెప్పాను. ఆమె నమ్మింది.

పోయిన నెల ఆ లాయరే తన పొలంలో పండిన పసుపు అమ్ముకోవడానికి వచ్చి, కాంటా దగ్గర నన్ను గుర్తుపట్టి, మళ్లీ ఎందుకు రాలేదని అడిగితే జరిగింది చెప్పాను. ఎక్స్‌రే పోతే దవాఖాన నుంచి రికార్డు తెప్పించేవాళ్లం కదా అన్నాడు. ఇప్పుడు కేసు వేసే గడువు దాటిపోయిందట. అంటే అక్క కేసును పోగొట్టింది ఆ ముక్కలు కాదు, నా నోరు. ఎందుకలా చేశాను? తెలివితక్కువవాణ్నని అక్కకు తెలిసిపోతుందనా? ఆ సంగతి ఆమెకు నా చిన్నప్పటినుంచీ తెలుసు.

మొన్న ఆదివారం మోర్తాడ్ వెళ్లి మొత్తం చెప్పేశాను. అక్క చుడుతున్న బీడీని చాటలో పెట్టింది.

"మరి సూర్యుడన్న మంచిగ కనవడ్డడా తమ్మీ?"

"కనవడ్డడు అక్కా. కొరికిన రొట్టె లెక్క."

"గా రోజే చెప్తే నాలుగు తిట్టి, తెల్లారి నేనే లాయరు దగ్గరికి వస్తుంటి గద."

నవ్వుతుందేమోనని ముఖంలోకి చూశాను. నవ్వలేదు. పోనీలే అని కూడా అనలేదు. బీడీలు చుట్టే తునికాకు కట్ట, కత్తెర నా ముందుకు తోసింది. ఆ చేత్తో ఆమెకు కత్తెర ఆడదు. నేను కోసిన మొదటి పది ఆకులూ పనికిరావని పక్కన పారేసింది. అయినా, ఇన్నేళ్ల తర్వాత, ఆమె పక్కన కూర్చోవడానికి నాకు భయం వేయలేదు.