చచ్చిన పొడి

2024 జూన్. సోమందేపల్లె దాటినాక హైవే పక్కనుండే వ్యాక్సిన్ ప్లాంట్‌లో నేను స్ప్రే డ్రైయింగ్ సెక్షన్ ఇన్‌చార్జిని. సూది లేకుండా నోటితో పీల్చే ఎంఆర్ఎన్ఏ వ్యాక్సిన్ పొడి తయారుచేసేవాళ్లం. ఫ్రీజర్ అక్కర్లేని మందు. ఊరికూరికే కరెంటు పోయే మా పల్లెలకు కావల్సింది అదే.

ఎంఆర్ఎన్ఏ అంటే, రోగాన్ని ఎట్ల గుర్తుపట్టాలో ఒంటికి చెప్పే సందేశం. సన్నని పోగు లాంటిది. దాన్ని కొవ్వు బొట్లలో దాచి, ఆ ద్రావణాన్ని వేడిగాలిలోకి తుంపరగా కొడితే పొడి రాలుతుంది. అదే స్ప్రే డ్రైయింగ్. వేడి ఎక్కువైతే పోగు తెగుతుంది. తేమ తగిలితే పొడి గడ్డకడుతుంది. గడ్డ గొంతులోనే ఆగిపోతుంది, ఊపిరితిత్తులకు చేరదు.

గాలిలో తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ అప్పటికే మూలుగుతోంది. బాగుచేయించమంటే ప్లాంట్ హెడ్ నవ్వినాడు. "మన అనంతపురం వైపు తేమెక్కడిదమ్మా?"

తొలివాన పడిన రోజే ఆ మిషన్ ఆగింది. మనుషుల మీద ట్రయల్‌కు పోవాల్సిన బ్యాచ్ గడ్డకట్టింది. నేను లేనప్పుడు ప్లాంట్ హెడ్ దాన్ని ఇంకా వేడిలో ఆరబెట్టించి, జల్లెడ పట్టించినాడు. తెల్లగా, మెత్తగా వచ్చింది. ల్యాబ్‌లో చూస్తే పోగులు చాలావరకు తెగిపోయినాయి.

"హాని లేదుగా, పంపించేయండి. ట్రయల్‌కు ఇస్తామన్న తేదీ దాటితే నా పరువు పోతుంది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మందని చెప్పి మనుషుల చేత దుమ్ము పీల్పిస్తారా సార్?"

డ్రైయర్ నడిపే ఓబులేసు పక్కనే ఉన్నాడు. వాళ్ల చెల్లెలు ధర్మవరంలో చీరలు నేస్తుంది, ఈ ట్రయల్‌కు పేరిచ్చింది. "మాయన్నోళ్లు చేసే మందే కదా అని ఒప్పుకునిందక్కా. దానికేం చెప్పల్ల నేను?" అన్నాడు.

"ఒక్క అమ్మాయి కోసం ట్రయల్ ఆపాలా?" అన్నాడు ప్లాంట్ హెడ్.

ఆ మాటతో నా ఓపిక అయిపోయింది. జగ్గుతో నీళ్లు తెచ్చి పొడి ఉన్న స్టీలు డబ్బాలో కుమ్మరించినా. అంతా జావైపోయింది.

"నీకేమైనా పిచ్చా?" అని అరిచినాడు.

"పంపేదానికి ఇంకేం లేదు సార్. మిషన్ బాగుచేయించండి."

ఆ వారమే నన్ను తీసేసినారు. మిషన్ మాత్రం బాగైంది. కొత్త బ్యాచ్ సరిగ్గా వచ్చిందని, చెల్లెలు పీల్చింది అదేనని ఓబులేసు ఫోన్ చేసినాడు. ప్లాంట్ హెడ్ ఇంకా అదే కుర్చీలో ఉన్నాడంట. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

చెడిన పాలు వాసనొస్తాయి. చెడిన పొడి మాత్రం మంచిదాని మాదిరే ఉంటుంది. తెలిసినోళ్లం నోరు మూసుకుంటే, పీల్చేవాళ్లకు చెప్పేవాళ్లు ఇంకెవరూ ఉండరు.