కాలనీ నడుమ అరెకరం

మా కాలనీ పెద్దాయన పోయారు. వరి కోతకి రెండు రోజుల ముందు, విజయవాడ ఆస్పత్రిలో, తెల్లవారుతుండగా. కబురు వినగానే ఏడుపొచ్చింది. ఆ వెంటనే, ఇక ఆ అరెకరం ఏమవుతుందోనని భయం పట్టుకుంది. దాచుకోవడమెందుకు, భయమే ఎక్కువ.

మా ఇళ్లున్నదంతా ఒకప్పుడు ఆయన పొలం. వెంచర్‌కి ఇచ్చేటప్పుడు నడుమ అరెకరం మాత్రం కాలనీ అందరిదిగా ఉంచి, పండించే పని తను పెట్టుకున్నారు. లేఅవుట్ గీసింది నేను. గవర్నర్‌పేట ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఆ అరెకరానికి చక్కగా పచ్చ రంగు వేశాను. తీరా సైటుకొచ్చి, ప్లాట్లతో పాటు దాన్నీ గ్రావెల్ పోసి మెరక చేయించాను. డెల్టాలో ఇల్లనగానే మా బోటివాళ్లకి ముందు గుర్తొచ్చేది మెరకే. ఆయన కేకలేస్తారనుకున్నాను. చెప్పులు విడిచి ఆ గుట్ట మీద కూర్చున్నారు.

"అన్నం పెట్టే నేల నోట్లో రాళ్లు పోశావే అమ్మాయ్. పోసినోళ్లే తియ్యాలి."

తీయించాను. పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మధ్యాహ్నం క్యారేజీ మాత్రం ఆయన ఇంటి నుంచే వచ్చేది. తర్వాత నేనూ అక్కడే ఇల్లు కట్టుకున్నాను.

నాట్లప్పుడు ఇంటికొకరు చేలో దిగాల్సిందే. ఎవరైనా నడుం పట్టుకుంటే, "తినేటప్పుడు రాదేం ఆ నొప్పి?" అని నవ్వేవారు.

ఈలోగా కాలనీలో కార్లు పెరిగాయి. నేల ఖాళీ అవగానే చదును చేసి పార్కింగ్ పెట్టుకుందామని సంఘం తీర్మానించింది. పట్టుబట్టింది సెక్రటరీ కరీం గారు, వన్ టౌన్‌లో స్పేర్ పార్టుల వ్యాపారి. పెద్దాయన సరేనన్నారు. ఎందుకనరు? మా వైపు వరి కోయకముందే ఆ చేలోనే మినుములు చల్లుతారు. కోతయ్యేసరికి అవి మొలకెత్తుతాయి. మినుము తీసీ తీయగానే ఆయన దోసపాదులు పెట్టేసేవారు. ఇక నేల ఖాళీ అయ్యేదెప్పుడు?

ఈసారి ఆస్పత్రి హడావిడిలో మినుముల సంగతే నాకు గుర్తులేదు. కోతయిపోయింది. పనలు ఎత్తేశాక, చదును చేసే బండి వచ్చేసిందేమోనని పొద్దున్నే గట్టు మీదకెళ్లాను. వరి కొయ్యకాళ్ల మధ్య చేనంతా మినుము మొలకలు. కరీం గారు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు.

"ఎవరు చల్లారండీ?"

"నేనేనండీ. ఆయన్ని సాగనంపి వచ్చిన సాయంత్రం. ఎల్లుండే కోత గదా, ఈ గోలలో ఇంకెవరికీ తోచదనిపించింది. అలవాటు లేని చెయ్యి, గుత్తులు గుత్తులుగా పడ్డాయి."

"మరి కార్లు?"

"నేల ఖాళీ అయ్యాక అనే గదండీ రాసుకున్నాం" అన్నారు, మొహంలో నవ్వు తెలియనీయకుండా.

హమ్మయ్య అనుకుంటూ గట్టు మీదే చతికిలబడ్డాను. ఆయన పోయాక మొదటిసారి గుండెల మీంచి బరువు దిగింది.

కరీం గారు ప్యాంటు పైకి మడుచుకుని చేలో దిగారు. ఒత్తుగా ఉన్నచోట మొలకలు పీకి, పలచగా ఉన్నచోట వేలితో గుంట చేసి ఒక్కొక్కటే గుచ్చుతున్నారు. అలా నాటిన మినుము బతకదని పెద్దాయనైతే కసిరేవారు. నేను చెప్పులు విడిచి చేలో దిగాను.