ఆ రంజాన్ పొద్దుటి డ్యూటీ

మా పాత కంపెనీవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా ఒక మాట వస్తుంది. మా బాయిలర్ భాయ్ రంజాన్ నాడు సొంత అన్న పక్కన నమాజుకు నిలబడటం ఇష్టం లేక, కావాలని డ్యూటీ అడిగి వేయించుకున్నాడని. నవ్వుతూనే చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధం. అది అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

తొంభైల మొదట్లో నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో టెంపరరీ బాయిలర్ ఆపరేటర్‌గా చేరాను. భువనగిరి వైపు నుంచి వచ్చినవాణ్ణి, ఉప్పల్‌లో ముగ్గురు స్నేహితులతో ఒక గదిలో ఉండేవాణ్ణి. పండగ వస్తే కంపెనీలో అన్ని షెడ్లకూ తాళాలు పడేవి, ఒక్క బాయిలర్ రూముకు తప్ప. లోపల ఏదో ఒక సరుకు ఉడుకుతూనే ఉండేది, దానికి ఆవిరి ఆగకూడదు. ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే.

అక్కడ మేం ముగ్గురం. మౌలాలీ నుంచి సైకిల్ మీద వచ్చే భాయ్, రైల్వే క్వార్టర్లలో ఉండే క్రైస్తవుడైన గుంటూరాయన, నేను. ఇది ఎవరూ ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు కానీ, ఫోర్‌మన్‌కు బాగా కలిసొచ్చింది. దసరా, బోనాలు నావి, రంజాన్, బక్రీద్ భాయ్‌వి, గుడ్‌ఫ్రైడే, క్రిస్మస్ గుంటూరాయనవి. ఒకరి పండగకు మిగతా ఇద్దరూ డ్యూటీ పంచుకునేవాళ్ళం. కొత్త సంవత్సరం క్యాలెండర్ చేతికి రాగానే ముగ్గురం బాయిలర్ ముందు కూర్చుని ఏ పండగ ఏ వారం పడిందో చూసుకునేవాళ్ళం. రెండు పండగలు ఒకే రోజు పడితే ముగ్గురికీ దిగులే.

దీనికి మాలో మేం పెట్టుకున్న ఆనవాయితీ ఒకటి ఉండేది. పండగ ఎవరిదైతే వాళ్ళు తమ బదులు కూర్చున్నవాడి దగ్గరికి తినడానికేదైనా తీసుకుని వచ్చిపోవాలి. దసరా నాడు నేను గారెల డబ్బాతో వెళ్ళి భాయ్ చేతిలో బంగారమని జమ్మి ఆకు పెట్టేవాణ్ణి. ఆయన దాన్ని జేబులో వేసుకుని, "ఇంత బంగారమిస్తే నేనెక్కడ దాసుకోవాలె తమ్మీ" అనేవాడు. క్రిస్మస్‌కు గుంటూరాయన గులాబీ పువ్వులనే కరకరలాడే పిండివంటలు తెచ్చేవాడు, అవి బొగ్గు పొడి అంటకముందే అయిపోయేవి. భాయ్ మాత్రం నమాజుకు పోయే దారిలోనే, ఇంట్లోవాళ్ళు ఇంకా తినకముందే, షీర్ ఖుర్మా డబ్బా తెచ్చిచ్చి వెళ్ళేవాడు. ఆ ఖర్జూరాల, నెయ్యి వాసన బాయిలర్ రూములో మధ్యాహ్నం దాకా ఉండేది.

ఆ రోజుల్లో శివరాత్రి, రంజాన్ నెల ఒకదాని మీద ఒకటి వచ్చేవి. ఒక శివరాత్రి నాడు ఇద్దరం ఒకే షిఫ్టులో ఉపవాసం. బయట కీసర జాతరకు పోయే బస్సులు కిటికీల దాకా నిండి పోతున్నాయి, లోపల కొలిమి సెగ. మధ్యాహ్నానికే నేను గోడకు చేరగిలబడ్డాను. అప్పటికి నేను రెండు అరటిపండ్లు, గ్లాసెడు పాలు కూడా తీసుకున్నాను. ఆయన మంచినీళ్ళు సైతం ముట్టలేదు.

"ఒక్క దినానికే మొకం గట్ల ఏలాడేసినవేంది? మీ శివుడు జూస్తే పరేషాన్ అయితడు" అన్నాడు.

ఆ పూట పార నన్ను ముట్టుకోనివ్వలేదు. బొగ్గంతా ఆయనే వేశాడు.

ఆ శివరాత్రి నాడే తన అన్న సంగతి చెప్పాడు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఉన్న గోడ గురించి మొదలైన గొడవ పెరిగి, కొన్నేళ్ళుగా అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే గల్లీలో ఎదురుపడినా తల తిప్పుకుని పోయేవారట. ఆ ఏడు వాళ్ళ బంధువుల్లో ఒక పెద్దమనిషి పూనుకుని ఇద్దరినీ ఒప్పించాడు. పండగనాడు ఈద్గాలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి నమాజు చదవాలి, అయ్యాక అందరి ముందూ కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోవాలి. రానివాడు రాజీ వద్దన్నట్టే లెక్క. భాయ్ ఆ రోజు కోసం చిన్నపిల్లవాడిలా ఎదురుచూశాడు.

క్యాలెండర్లో రంజాన్ అని ఉన్న రోజు నేను పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాను. భాయ్ అప్పటికే ఖాకీ బట్టల్లో అక్కడున్నాడు. ముందురోజు సాయంత్రం నెలవంక కనబడలేదు. మా గదిలో రేడియో లేదు, నాకు తెలియలేదు. ఆయన నన్ను చూసి నవ్వాడు.

"ఇయ్యాల గూడ రోజా ఉపాసమే తమ్మీ. పండుగ రేపు. రేపు మాత్రం జర జల్ది రా. అన్న నిలబడి సూస్తుంటడు."

సరే అన్నాను. గదికి తిరిగి వచ్చేసరికి సర్కారు సెలవు కూడా మర్నాటికి మారిందని తెలిసింది. దానితో మా స్నేహితులు మర్నాడు పొద్దున ఉప్పల్ మైదానంలో పక్క కాలనీ వాళ్ళతో క్రికెట్ మ్యాచ్ పెట్టుకున్నారు. ఓపెనింగ్ నేనే దిగాలి. రాత్రి షిఫ్టులో గుంటూరాయన ఉంటాడు, నేను ఆలస్యమైతే ఇంకాసేపు కూర్చుంటాడు, అదివరకు ఎన్నోసార్లు కూర్చున్నాడు. అలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆట ముగియకుండా మధ్యలో వెళ్ళడం చిన్నతనంగా అనిపించింది. గెలిచాక ఇరానీ హోటల్లో చాయ్ కూడా తాగాను.

గుంటూరాయన భార్యను ఆ రాత్రే కాన్పుకు దవాఖానాలో చేర్చారని నాకు తెలియదు. తెల్లవారగానే ఆయనకు కబురు వచ్చింది. నా కోసం గేటు వైపు చూస్తూ ఆయన బాయిలర్ రూములో అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు భాయ్ షీర్ ఖుర్మా డబ్బాతో వచ్చాడు. నా కోసం తెచ్చిన డబ్బా. ఆ డబ్బా తేకుండా నేరుగా ఈద్గాకు పోయి ఉంటే ఆయనకు ఈ సంగతే తెలిసేది కాదు. ఆయన గుంటూరాయనను పంపించేసి, తాను కూర్చున్నాడు. మండుతున్న బాయిలర్‌ను వదిలేసి పోవడం మా పనిలో లేదు.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఆయన స్టూలు మీద కూర్చుని ప్రెషర్ ముల్లు వైపు చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను. "నమాజ్ అయిపోయింది తమ్మీ" అన్నాడు, అంతే. నేనేదో గొణుగుతుండగానే ఫోర్‌మన్ లోపలికి వచ్చాడు. టెంపరరీవాడు చెప్పకుండా డ్యూటీ ఎగ్గొడితే మర్నాడు గేటు దగ్గరే ఆపేసే రోజులవి. పండగనాడు నువ్వెందుకున్నావని ఆయన భాయ్‌ని అడిగాడు.

"నేనే అడిగి కూసున్న సార్. పండుగకు ఇంట్ల నాకేం పని?"

ఫోర్‌మన్ ఆ మధ్యాహ్నమే పండగ పలకరింపులకు తిరుగుతూ అది పదిమందికి చెప్పాడు. భాయ్ గల్లీ మనిషి ఒకడు మా ప్యాకింగ్‌లో ఉండేవాడు. ఆ మాట వాళ్ళ అన్న చెవికి చేరడానికి ఎంతోసేపు పట్టి ఉండదు. సాయంత్రం భాయ్ అన్న ఇంటికి వెళ్ళాడట. గుమ్మం లోపలినుంచే అన్న "డ్యూటీ ముగిసిందా" అని అడిగి తలుపు వేసుకున్నాడట. మర్నాడు ఇది నాకు చెప్పినప్పుడు కూడా ఆయన నా వంక చూడలేదు. నేను వెళ్ళి మీ అన్నకు నిజం చెప్తానన్నాను.

"మొదలు పర్మనెంట్ గానీ" అన్నాడు. "ఈ ముచ్చట ఫోర్‌మన్ దాకా పోతే నీ నౌకరీ పోతది."

మరుసటి ఏడు నేను పర్మనెంట్ అయ్యాను. వెళ్ళలేదు. ఆయన గుర్తుచేయలేదు. గుర్తుచేయకపోవడం వల్ల నాకు సులువైంది. ఆ తర్వాత కూడా మేం పండగలకు డ్యూటీలు మార్చుకున్నాం, రంజాన్‌కు ఆయన డబ్బా తెచ్చాడు, నేను తిన్నాను. ఆయన రిటైరయ్యాడు, కంపెనీ మూతపడింది. ఆయన పోయాక జనాజాకు నేను మౌలాలీ వెళ్ళినప్పుడు అన్న గుంపుకు కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

పోయిన రంజాన్ నెలలో అన్న ఇంటికి వెళ్ళాను. అన్న బాగా ముసలివాడయ్యాడు, ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పి, జరిగింది మొదటినుంచీ చెప్పాను. క్రికెట్ సంగతి కూడా. అంతా అయ్యాక ఆయన, "ఆ దినం వాడు ఏం బట్టలేసుకున్నడు?" అని అడిగాడు.

తెల్ల కుర్తా అని చెప్పాను. కొత్తది, మెడ దగ్గర సన్నటి తెల్ల దారంతో కుట్టుపని ఉంది. చేతులు పైకి మడిచినా మసి అంటుకుంది.

"ఆ గుడ్డ నేనే పంపిన" అన్నాడు. "పెద్దమనిషి చేతికిచ్చి పంపిన. కుట్టించిండో లేదో ఎవ్వలు జెప్పలే."

"ఏసుకున్నడు గదా?" అని మళ్ళీ అడిగాడు.

వేసుకున్నాడన్నాను. ఆయన తల ఊపి, గల్లీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. ఇఫ్తార్ వేళ దాకా ఆయన పక్కన గుమ్మం మెట్టు మీద కూర్చుని, తర్వాత లేచి వచ్చాను.