పెళ్లిచూపులకు వెళ్లి బండెక్కిన వైనం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద నమ్మకం లేదు. లేకపోతే లేదని ఊరుకోవచ్చు కదా, ఊరుకునేవాణ్ణి కాదు. బేగంపేటలో కొత్త ఉద్యోగం, మారేడ్‌పల్లిలో పిన్ని ఇంట్లో మకాం. మెట్రోలో ఎవరైనా కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే జాలిగా చూసేవాణ్ణి. (వాళ్లకి సీటు దొరికేది, నాకు దొరికేది కాదు. అది వేరే సంగతి.) అలాంటి నాకు పిన్ని సైనిక్‌పురిలో ఒక సంబంధం చూసింది. అమ్మాయి ఫిజియోథెరపిస్టు, తండ్రి సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. ఫొటో చూసిన క్షణం నుంచీ నా నాస్తికత్వం కాస్త మెత్తబడిన మాట నిజమే.

"వాళ్లు భక్తిపరులురా. దేవుడికి దీపం పెట్టందే మావాడు కాఫీ ముట్టడని చెప్పాను" అంది పిన్ని ఆటోలో.

"నేను దీపం పెట్టడం నువ్వెప్పుడైనా చూశావా?"

"పక్క దుప్పటి మడతపెట్టడమూ చూళ్లేదు. అదీ చేస్తాడనే చెప్పాను. నోరు మూసుకుని కూర్చో."

తీరా వాళ్లింటికి వెళ్తే కూర్చోవడమే కుదరలేదు. అమ్మాయికి ఆదివారం కూడా డ్యూటీ పడిందట, రావడానికి ఇంకో గంట పడుతుందట. సుబేదారుగారు మీసం సవరించుకుని లేచారు. "గంట సేపు ఒకరి మొకం ఒకరం ఏం జూస్తం? పా బాబు, నడుసుకుంట మాట్లాడుకుందం." నా ఫోన్ వాళ్ల హాల్లో ఛార్జింగులో ఉండిపోయింది. కాళ్లకి కొత్త బూట్లు. పిన్ని కళ్లతోనే హెచ్చరించి పంపింది.

వీధి మలుపు తిరగ్గానే ఆయన అడిగారు, "రోజు దీపం పెడ్తవంట గదా. నూనెనా, నెయ్యా?"

ఇంత సూటి ప్రశ్న నేను ఊహించలేదు. "రెండూ కలిపి అండీ" అన్నాను.

"గట్ల కలిపితే పోపు అయితది బాబు, దీపం కాదు" అన్నారాయన, నవ్వకుండా.

ఎటూ మునిగాను కదా అని నిజం చెప్పేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. దేవుడు ఎందుకు లేడో, ఉండడానికి ఎందుకు వీల్లేదో, నాకు తెలిసిన కారణాలన్నీ వరసగా విప్పడం మొదలుపెట్టాను. (ఫొటోలోని అమ్మాయి చెయ్యి జారిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఆగదే!) ఆయన మధ్యమధ్య "ఊఁ" అంటూ నడుస్తున్నారు. కాలనీ అయిపోయింది, ఇళ్లు అయిపోయాయి, సీతాఫలం తుప్పలూ పెద్ద పెద్ద బండలూ వచ్చేశాయి. సరిగ్గా నేను సృష్టి రహస్యం దాకా వచ్చేసరికి తుప్పల్లోంచి ఒక కుక్క మొరుగుతూ దూసుకొచ్చింది.

ఆ బూట్లతో ఆ బండ ఎలా ఎక్కానో ఇప్పటికీ చెప్పలేను. ఎక్కుతూ ఏమన్నానో మాత్రం ఆయన తర్వాత ఊరంతా చెప్పారు. "ఆంజనేయా! తండ్రీ! ఏసు ప్రభువా! అల్లా!" ఆ కుక్క నా మొహం కూడా చూడలేదు. అవతలున్న మేకలని తరుముకుంటూ పోయింది.

సుబేదారుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "లేడు లేడంటివి గదా బాబూ! గింతమందిని ఒక్కసారే పిలుస్తివి, ఒక్కరన్న ఖాళీ ఉంటరనా?"

దిగబోతే కాలు మడత పడిందని తెలిసింది. ఆయన నడకకి ఫోన్ తెచ్చుకోరట. "ఫికర్ జెయ్యకు. నేనొచ్చే తోవ బిడ్డకి ఎరుకే, ఎతుక్కుంట వస్తది" అని తానూ పైకెక్కి నా పక్కన కూర్చున్నారు.

చూసుకోవడానికి ఫోన్ లేదు. చెప్పడానికి కారణాలూ అయిపోయాయి. పగటి ఎండకి కాగిన బండ ఇంకా వెచ్చగా ఉంది. గాలికి తుప్పలు కదులుతున్నాయి. కాలు సలుపుతున్నా, ఎందుకో ఇంకెక్కడికీ వెళ్లాలనిపించలేదు. నేనున్నాను, పెద్దాయన ఉన్నారు, మాతోపాటు ఇంకెవరో కూడా ఉన్నారనిపించింది. ఎంత బలంగా అనిపించిందంటే వెనక్కి తిరిగి చూశాను. మేక. అయినా ఆ అనిపించడం పోలేదు.

"అంకుల్, మీరు నిజంగా నమ్ముతారా?" అని మెల్లగా అడిగాను.

"గుడికి మా ఇంటామె తోల్కపోతే పోత. ఆడ నా ద్యాసంత చెప్పుల మీదనే ఉంటది. ఈడ ఆ పరేషాన్ లేదు. జెర సేపు కూసుంటే మంచిగనిపిస్తది. ఉన్నవా అని నేను అడగ. ఆయన సుత నన్ను అడగడు."

పొద్దు వాలుతుండగా కింద స్కూటీ ఆగింది. "డాడీ! ఇంటికొచ్చినోళ్లని బండల మీద కూసోబెడ్తరా?" అంటూ అమ్మాయి చకచకా ఎక్కి వచ్చింది. ఫొటోలో కంటే బాగుంది. సంగతి విని నా ముందు కూర్చుని, "షూ తియ్యండి. వేళ్లు కదపండి" అంది. సాక్సుకి చిల్లు. (పిన్ని దాని గురించి మాత్రం ముందుగా ఏమీ చెప్పి ఉండదు.) "నొప్పుందా?" అంది. లేదండీ అన్నాను. నొక్కింది. "అమ్మా!" అని కేక పెట్టాను.

"దేవుళ్లందరు అయిపోయిన్రు, గిప్పుడు అమ్మని పిలుస్తుండు" అన్నారు సుబేదారుగారు. ఆ పిల్ల పకపకా నవ్వింది.

ఆ నవ్వు చూసి నేను మనసులో ముహూర్తం దాకా వెళ్లిపోయాను గానీ, వారం తిరక్కుండానే కుదరదని కబురొచ్చింది. "అబ్బాయి మంచోడే, కానీ ఎట్ల జూసినా నాకు పేషెంట్ లెక్కనే కనిపిస్తున్నడు" అందట. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. మర్నాడు సుబేదారుగారే ఫోన్ చేశారు. "సంబంధం సంగతి అయిపాయె. నడక సంగతేంది?"

అలా మొదలైన ఆదివారం నడక, ఆమెకి పెళ్లై, నాకూ మరో అమ్మాయితో పెళ్లై ఇన్నేళ్లయినా ఆగలేదు. నేను ఇప్పటికీ దీపం పెట్టను. పిన్ని నన్ను మార్చే ప్రయత్నం మానుకుంది. సుబేదారుగారి మోకాళ్లు బండ ఎక్కనివ్వడం లేదు. ఆయన కిందే ఒక రాతి మీద కూర్చుంటారు, నేను పైన కూర్చుంటాను. ఒక్కోసారి ఆ పాత కుర్రాడు గుర్తొస్తాడు. ఎవరూ వాదనకి రాకపోయినా గొంతు చించుకుని గెలుస్తూ, ఎంత ఆయాసపడేవాడో పాపం. భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.

"ఏమంటుండు పైనోడు?" అని కింద నుంచి కేకేస్తారు సుబేదారుగారు.

"ఏమీ అనడం లేదండీ."

"గట్లనే ఉంటడు తియ్యి. దిగు, చాయ్ తాగుదం."