టీవీ పగలగొట్టిన తాతయ్య

మా తాతయ్య కోటిలింగానికి ఒకటే జబ్బు. మాచవరంలో ఏం జరిగినా అది తనవల్లే జరిగిందనేవాడు. వాన కురిస్తే, "నిన్న మబ్బును గట్టిగా కసిరా" అనేవాడు. బస్సు టైముకొస్తే డ్రైవరుకు బుద్ధి చెప్పింది తానే. పక్కింటి రోశమ్మ గేదె పెయ్యదూడను ఈనితే, "నేను చెప్పినట్టు విన్నది" అని మీసం దువ్వుకున్నాడు. దున్నపోతు ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

అలాంటి మనిషి నోరు ఒక గంటసేపు మూయించాల్సి వచ్చింది.

ఎనభై ఏడులో మా నాన్న ఆదినారాయణ నరసరావుపేటలో టీవీ కొన్నాడు. తలుపులూ తాళమూ ఉన్న చెక్క టీవీ. మూడు నెలలు తిరక్కుండానే, ఒక ఆదివారం నాన్న పొలం నుంచి వచ్చేసరికి దాని అద్దం మూల నుంచి మూలకు పగిలి ఉంది. "దానంతటదే టప్పుమంది" అన్నది నానమ్మ బుజ్జమ్మ, ఎటో చూస్తూ. నాన్న గ్యారంటీ కార్డు పట్టుకొని షాపు చుట్టూ తిరిగాడు. కంపెనీకి ఆరు ఉత్తరాలు రాశాడు. ఏడోదానికి, గుంటూరు నుంచి ఇంజనీరు వస్తాడని జవాబొచ్చింది.

"నాన్నా, నీకు దణ్ణం పెడతా. తప్పు మనది కాదని తేలితేనే కొత్త ట్యూబు ఇస్తారు. ఇవాళొక్కరోజు నోరెత్తమాక" అని తాతయ్యను బతిమాలాడు నాన్న.

"నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా?"

"చిన్నపిల్లోడివైతే నాకు భయమే లేదు."

ఇంజనీరు టై కట్టుకొని వచ్చాడు. వెంట షాపు మెకానిక్కు మౌలాలీ.

"యాంటెన్నా ఎవరు పెట్టారు?"

తాతయ్య గొంతులో ఏదో కదిలింది. నాన్న గట్టిగా దగ్గి, "మౌలాలీయే సార్" అన్నాడు.

"బొమ్మ బాగానే వచ్చేదా?"

తాతయ్య పెదాలు విచ్చుకున్నాయి. నేను నా చేతిలోని జంతిక ఆయన నోట్లో కుక్కాను.

ఇంజనీరు టార్చిలైటు వేసి చూశాడు. "పగులు ఈ మూల బోల్టు దగ్గర మొదలైంది. దీన్ని బిగించింది ఎవరు?"

"నేనే సార్" అన్నాడు మౌలాలీ. "బొమ్మ జారుతుందంటే, పగలకముందు ఒకసారి విప్పి బిగించా."

"అతిగా బిగించావు. వీళ్లకు కొత్త ట్యూబు వస్తుంది. నిన్ను పనిలోంచి తీసేయమని షాపుకు రాస్తాను."

మౌలాలీ స్క్రూడ్రైవరును చొక్కాకు తుడుస్తూనే ఉన్నాడు. వంటింటి గుమ్మంలో నానమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న నేల చూపులు చూశాడు. ఇంజనీరు కలం మూత తీసి రాయడం మొదలుపెట్టాడు.

తాతయ్య జంతిక మింగిన చప్పుడు ఇల్లంతా వినిపించింది.

"పగలగొట్టింది నేను."

నాన్న తల పట్టుకున్నాడు. "పట్టించుకోకండి సార్. మా నాన్న వానలు కూడా కురిపిస్తాడు."

"నువ్వాగరా! దేవుడి సీరియల్ అయిపోంగానే హారతిచ్చా. పళ్లెం ఆ మూలకు ఆనించా. అద్దానికి మసి పట్టింది. కడుగుదామని చెంబెడు చన్నీళ్లు కొట్టా. టప్పుమంది. కావాలంటే వాసన చూడు."

ఇంజనీరు వంగి చెక్క వాసన చూశాడు. కర్పూరం. అంచున నల్లగా మసి, ఎండిన కుంకుమ చార.

"టీవీకి హారతేంటయ్యా?"

"దాంట్లోకి దేవుడొచ్చాడుగా. నువ్వొస్తే ఇవ్వంలే."

ఇంజనీరు రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. తప్పు వాడినవాళ్లది, గ్యారంటీ చెల్లదు. నాన్న ఆ కాగితం మీద సంతకం పెట్టి వీధిలోకి వెళ్లిపోయాడు.

ఇంజనీరు జీపెక్కాక మౌలాలీ తాతయ్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, ఆ ఆదివారం పొద్దున మీరు విత్తనాలకని పేటకొచ్చి మా ఇంట్లోనే కూర్చున్నారు గదా. మా హజ్రా బీ టీ పెడితే, పాలు పొంగింది కూడా మీవల్లేనన్నారు."

వంటింట్లో నానమ్మ ముక్కు చీదుతోంది. తాతయ్య అటువైపు ఒకసారి చూశాడు.

"గట్టిగా అనమాక. ఆ రోజు నుంచీ అది సరిగ్గా అన్నం తినట్లేదు."

మౌలాలీ కళ్లు తుడుచుకున్నాడు. "నా పని నిలబెట్టింది మీరేనని పేటలో అందరికీ చెప్తా."

తాతయ్య కంగారుగా రెండు చేతులూ ఊపాడు.

"నేనేం చేశానురా? ఆ ఇంజనీరు చానా మంచోడు, వదిలేశాడు. అంతే!"

నాకు బుద్ధి తెలిశాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. జ్వరమేమోనని నుదురు పట్టుకొని చూశాను.