దశరథం సారు రాసిన రిపోర్టు

దశరథం ఎర్రగట్టుపల్లె బడిలో చేరిన రోజే హెడ్మాస్టరు వెంకట్రాములు అతని కాగితాలను మూడుసార్లు తిరగేసి చూశాడు. బి.ఏ., దాని మీద హైదరాబాదులో ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా. వెంకట్రాములు చదువేమో మెట్రిక్ దగ్గరే ఆగింది. నాగర్‌కర్నూల్ నుంచి లింగాల పోయే దారిలో ఉన్న ఈ పల్లెకు అంత చదివినవాడు కోరి రాడు.

"మీ అసొంటోళ్లకు హైస్కూలు ఇస్తరు గదా. గీడికెందుకు పంపిన్రు?"

"నాకూ తెల్వదు సారూ. ఆర్డరు వచ్చింది, నేనొచ్చిన."

వెంకట్రాములు నమ్మలేదు. తన కుర్చీ కిందికి నీళ్లొస్తున్నాయని ఆ రోజే ఇంట్లో భార్యతో అన్నాడు.

దశరథం చెప్పింది మాత్రం నిజమే. అతనిది గద్వాలలో నేత కుటుంబం. తండ్రి నాగప్ప, అన్న తిమ్మప్ప గుంత మగ్గంలో కూర్చుని పట్టంచు చీరలు నేసి అతన్ని చదివించారు. శిక్షణ ముగిసేసరికి గద్వాలలోనో వనపర్తిలోనో హైస్కూలు ఉద్యోగం ఖాయమని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. తోటివాడొకడు తక్కువ మార్కులతో పాసై, ఆఫీసులో మేనమామ ఉన్నందుకు ఆ చోటు కొట్టేశాడు. దశరథానికి మేనమామలంతా మగ్గాల మీదే ఉన్నారు. సిఫారసు లేకపోతే పనితోనే పైవాళ్ల కంట్లో పడాలనుకున్నాడు. తమ బడి పిల్లల మీద మంచి రిపోర్టు రాసిన ఇద్దరు ముగ్గురిని శిక్షణ పాఠశాలలకే ఉపాధ్యాయులుగా పిలిచారని విన్నాడు. ఆ కోరిక మనసులో పెట్టుకుని పల్లెకొచ్చాడు.

శిక్షణలో అతనికి బాగా పట్టుబడిన పద్ధతి ఒకటుంది. ఇల్లు తెలిస్తేనే పిల్లలు అర్థమవుతారని అక్కడి ఆచార్యుడు చెప్పేవాడు. దశరథం ఒక పెద్ద నోటుబుక్కు తీసి పిల్లకొక పేజీ కేటాయించాడు. పొద్దున ఏం తిన్నావు, ఇంట్లో ఎంతమంది, నాన్న ఏం పని చేస్తాడు, రాత్రి ఎక్కడ పడుకుంటావు అని ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగి రాసుకునేవాడు.

అది 1943, నిజాం కాలం. యుద్ధం నడుస్తోంది. పండిన గింజల్లో సర్కారు వాటా పేరుతో లెవీ వసూలు చేస్తున్నారు. ఊళ్లో పేరు అడిగితే కూడా జనం ఎందుకని ఎదురడిగే కాలం. అటువంటప్పుడు కొత్తగా వచ్చిన సారు ఇంటి తిండి గురించి అడిగి రాసుకుంటున్నాడన్న మాట సాయంత్రానికి ప్రతి గడపకూ చేరింది.

మూడో రోజు మల్లమ్మ బడికొచ్చింది. భర్త పోయి ఏడాది దాటింది. ఎనిమిదెకరాల మెట్ట చేను ఒంటిచేత్తో చేసుకుంటోంది. బడిలో ఉన్న నలుగురు ఆడపిల్లల్లో ఒకతె బాలమణి ఆమె కూతురు.

"ఏంది సారూ, పొద్దున ఏం తిన్నవని నా బిడ్డను అడిగినవంట?"

"పిల్ల కడుపు నిండిందో లేదో తెలిస్తేనే గద అమ్మా, పాఠం ఎందుకు తలకెక్కుతలేదో తెలిసేది."

"నిండకపోతే నువ్ పెడ్తవా?"

దశరథం నోటుబుక్కు తెరిచి చూపించాడు. ఆమెకు చదువు రాదు. అక్షరాలను కాసేపు చూసి, "ఇందుల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది?" అని వెళ్లిపోయింది. అయినా పిల్లను బడి మాన్పించలేదు. బాలమణికి ఆ సారంటే ఇష్టం.

నెల తిరిగేసరికి దశరథం నోటుబుక్కులోంచి మంచి పేజీలు ఎంచి, ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాల్లో ఇరవై పేజీల రిపోర్టు తయారుచేశాడు. వెంకట్రాములు సంతకంతో అది పై ఆఫీసుకు పోయింది.

తర్వాత ఆరు వారాలకు, ఒక సోమవారం పొద్దున, లెవీ వసూలు చేసే గిర్దావరు ఇద్దరు జవాన్లను వెంటబెట్టుకుని ఊళ్లోకి వచ్చాడు. మామూలుగా అయితే చావడిలో కూర్చుని అందరినీ పిలిపించేవాడు. ఆ రోజు నేరుగా మల్లమ్మ ఇంటికి పోయాడు. ఇంట్లోకి తొంగి కూడా చూడలేదు. గొడ్ల కొట్టంలోకి పోయి, బర్రెను విప్పి బయట కట్టించి, మూడో గుంజ పక్కన గడ్డపార వేయించాడు. మూరెడు లోతులో పాతర మూత బయటపడింది. రెండేళ్ల కరువును తట్టుకోవడానికి మల్లమ్మ, ఆమె భర్త కలిసి దాచిన జొన్నలవి. బస్తాలు బండి మీదికెక్కుతుంటే మల్లమ్మ ఏడవలేదు. మూడో గుంజనే చూస్తూ నిలబడింది.

"గంత సీదా ఎట్లొచ్చిన్రు?" అని వెనక ఎవరో అన్నారు. అప్పుడు అందరి తలలూ బడి వైపు తిరిగాయి.

మర్నాడు బడికి ఆరుగురే వచ్చారు. దశరథం బావి దగ్గరికి పోతే ఆడవాళ్లు సగం నిండిన బిందెలతోనే వెళ్లిపోయారు. అతను అద్దెకున్న ఇంటి యజమాని పెంటయ్య వచ్చి చూరు వైపు చూస్తూ, "సారూ, కప్పు బాగు చేయించాలె. జర ఖాళీ చెయ్యి" అన్నాడు. కప్పుకు ఏ బాగూ అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

దశరథం తన నోటుబుక్కును ఎవరో చదివారనుకున్నాడు. ఆ ఎవరో వెంకట్రాములే అయ్యుండాలి. నోటుబుక్కు ఉంచే బడి పెట్టెకు రెండో తాళంచెవి ఉన్నది ఆయన దగ్గరే. లెవీ లెక్కలు చూసే పటేలు ఇంటికి రోజూ పోయేదీ ఆయనే. దశరథం నోటుబుక్కు చుట్టూ పట్టుదారం చుట్టి, నేతవాళ్లకు తప్ప ఇంకొకరికి రాని ముడి వేసి పెట్టెలో పెట్టాడు. వారం రోజులు పొద్దునా సాయంత్రం చూశాడు. ముడి కదల్లేదు. అయినా అనుమానం తగ్గలేదు. దొరికిపోతానని ఆయన జాగ్రత్తపడుతున్నాడనుకున్నాడు. చివరికి ఉండబట్టలేక ఆయన ముందే నిలబడ్డాడు.

"నా నోటుబుక్కుల ఉన్న సంగతి గిర్దావరుకు మీరే చెప్పిన్రు గదా?"

వెంకట్రాములు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడున్రి దశరథం గారూ. మీరొచ్చిన కాడికెళ్లి మీమీద నాకు శక్ ఉన్నది. నా కుర్చీకే వచ్చిన్రనుకున్న. ఇప్పటికీ పోలేదు. గని ఒక ముండమోసినామె పాతర తవ్విచ్చేటంత నీచుణ్ణి గాను."

లేచి బీరువా తెరిచాడు. రిపోర్టు నకలు తీసి, నాలుగో పేజీ దగ్గర మడిచి అతని చేతిలో పెట్టాడు.

"నేను చదవకుంటనే దస్తఖతు పెట్టిన. మొన్న ఆ సంగతైనంక చదివిన. మీరు గూడ చదువున్రి."

దశరథం చదివాడు. 'బాలమణి, రెండో తరగతి. శ్రద్ధ ఎక్కువ. కారణం మంచి పోషణ. కరువు కాలంలోనూ ఈ ఇంట జొన్నలకు లోటు లేదు. పశువుల కొట్టంలో మూడో గుంజ పక్కన పాతర ఉన్నదని బాలిక చెప్పినది.' మూడో గుంజ అని రాసేటప్పుడు తను ఎంత మురిసిపోయాడో గుర్తొచ్చింది. అంత వివరం ఉంటే పైవాళ్లు తన పరిశీలనను మెచ్చుకుంటారనుకున్నాడు. ఆ కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ఎలా పోయిందో అతనికి చివరిదాకా తెలియలేదు.

మెచ్చుకున్నారు కూడా. పది రోజుల్లో ఉత్తరం వచ్చింది. ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చోటు, రిపోర్టు మీద రెండు వాక్యాల పొగడ్త.

ఆ ఉత్తరం పట్టుకుని గద్వాల పోయాడు. నాగప్ప మగ్గం ఆపి కొడుకు మొహంలోకి చూశాడు.

"పెద్ద నౌకరి వస్తే మొఖం గిట్లుంటదా? ఏం చేసినవ్ రా?"

దశరథం అంతా చెప్పాడు. తండ్రి మగ్గం గుంతలోంచి పైకి లేచాడు.

"ఆమెకు చెప్పినవా?"

"లే నాయినా."

"మరి ఈడికెందుకొచ్చినవ్?"

తెల్లారి బయల్దేరి తిరిగొచ్చాడు. మల్లమ్మ గుమ్మంలో కూర్చుని తవుడు చెరిగి నూకలు ఏరుకుంటోంది. అతను వాకిట్లోనే నిలబడ్డాడు.

"అమ్మా, పాతర సంగతి రాసింది నేనే. లెవీ కోసం రాయలే. గని రాసింది నేనే."

"తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"నా బిడ్డ నీ ఒక్కనికే చెప్పింది. ఇంకెట్ల తెల్వాలె?" చేట పక్కన పెట్టింది. "ఇప్పుడెందుకొచ్చినవ్? ఇంకేమన్న మిగిలిందేమో చూస్తానికా?"

దశరథం వాకిట్లోంచే వెనక్కి తిరిగాడు.

శిక్షణ పాఠశాల ఉద్యోగం వద్దని రాసి పంపాడు. దాని బదులు లింగాలలో చిన్నపిల్లల బడి అడిగాడు. ఇంత చదివి కిందికి దిగేవాడు ఉంటాడా, దీని వెనక ఇంకేదో పెద్ద ఎత్తుందని వెంకట్రాములు అందరితో అన్నాడు. పైవాళ్లూ అలాగే అనుకున్నారేమో, మూడు నెలలు తిప్పి తిప్పి బదిలీ ఇచ్చారు.

బాలమణి బడి మానేసింది. లింగాల నుంచి ఆదివారాలు దశరథం నాలుగు మైళ్లు నడిచి ఎర్రగట్టుపల్లెకు వచ్చేవాడు. మొదటి ఆదివారం మల్లమ్మ తలుపు తీయలేదు. రెండో ఆదివారం తీసి, చూసి, మూసింది. మూడోసారి బయటికొచ్చి అంది.

"పిల్లకు సదువు చెప్తనంటే చెప్పు. కాయితం తేవద్దు, కలం తేవద్దు. పలక మీద రాయి. పోయేటప్పుడు నా ముందల తుడిచి పో."

అతను ఒప్పుకున్నాడు. వాకిట్లో పాఠం సాగినంతసేపూ ఆమె పక్కనే కూర్చుని ఏదో పని చేసుకునేది. వెళ్లేటప్పుడు అతని సంచి దులిపి చూసేది. ఒక వానాకాలం పోయాక పక్కింటివాళ్లు తమ పిల్లలనూ పంపారు. వాళ్ల తల్లులూ దూరంగా నిలబడి వినేవారు.

రెండో ఏడు ఒకనాడు బాలమణి పాఠం మధ్యలో ఆగి, "సారూ, మా అమ్మ మొన్న..." అని మొదలుపెట్టింది.

"ఇంటి ముచ్చట నాకు చెప్పకు బిడ్డా. పాఠం చదువు" అన్నాడు దశరథం.

మల్లమ్మ చేతిలో పని ఆగింది. లోపలికి పోయి ముంతలో మజ్జిగ తెచ్చి అతని ముందు పెట్టింది. ఆ ఇంట్లో అతను తాగిన మొదటి మజ్జిగ అదే. తాగి లేచాక మాత్రం, ఎప్పటిలాగే, సంచి ఇమ్మని చెయ్యి చాపింది.